మూడేళ్లు దాటగానే పోయిన బ్యాటరీ, దాని బదులు వేయించిన ఈఎఫ్‌బీ: ఏడాది వాడాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్పేస్తాను. మీ కారులో స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగి, మళ్లీ అందుకునే ఏర్పాటు) ఉండి, రోజూ తిరిగేది ట్రాఫిక్‌లో చిన్న చిన్న దూరాలే అయితే, అలా మాటిమాటికీ ఆగి నడిచే వాడకాన్ని తట్టుకునేలా చేసిన ఈఎఫ్‌బీ రకం బ్యాటరీకి కాస్త ఎక్కువ పెట్టడం దండగ కాదు. స్టార్ట్-స్టాప్ లేదు, వారంలో రెండు మూడు సార్లు హైవే మీద గంటకు పైగా నడుపుతారు అంటే మాత్రం మామూలు మెయింటెనెన్స్-ఫ్రీ బ్యాటరీ చాలు, ఎవరెంత చెప్పినా వినకండి. బ్యాటరీకి నా మార్కులు ఐదుకి నాలుగు. ఇంటికొచ్చి బిగించి వెళ్లే సర్వీసుకి మాత్రం మూడే, అది కూడా వచ్చిన కుర్రాడి మొహం చూసి.

పాతది కంపెనీ నుంచి కారుతో వచ్చిందే, మూడేళ్లు దాటగానే చేతులెత్తేసింది. బ్యాటరీ పోయిన వాళ్లంతా ఒకే మాట అంటారు, నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది కదా అని. నిజమే, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇప్పటి ఇంజన్లు సెల్ఫ్ కొట్టగానే ఒకటి రెండు తిప్పులకే అందుకుంటాయి కాబట్టి బ్యాటరీ వీక్ అవుతున్న సంగతి చెవికి తెలియదు. పాత కార్లలో అయితే కిర్రు... కిర్రు... అని రోజురోజుకీ నీరసపడుతూ నెల ముందే చెప్పేసేది. ఇప్పుడు ఒక రోజు టక్ టక్ మని రిలే శబ్దం, డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ దీపావళి, అంతే. ఒక్క గుర్తు మాత్రం ముందే దొరుకుతుంది: సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగడం మానేస్తుంది. ఏసీ గట్టిగా పనిచేస్తున్నా, ఇంజన్ ఇంకా వేడెక్కకపోయినా కూడా ఆగదు గానీ, వారాల తరబడి అస్సలు ఆగట్లేదంటే బ్యాటరీలో ఛార్జి తక్కువుందని కారు కంప్యూటర్ పసిగట్టిందేమో చూసుకోవాలి. చాలామంది పీడా పోయింది అనుకుని సంతోషిస్తారు.

అసలు ఎన్నేళ్లు రావాలి అంటే, లెడ్-యాసిడ్ బ్యాటరీకి మూడు నుంచి ఐదేళ్లు అన్నది మామూలు లెక్క. ఎండలు మండే చోట మూడుకి అటూ ఇటూ, చల్లటి చోట ఐదు దాటినవీ ఉంటాయి. చలికే బ్యాటరీలు పోతాయని అందరూ అనుకుంటారు గానీ దాన్ని తినేసేది వేడి. లోపలి రసాయన చర్యలు సుమారు పది డిగ్రీలకొకసారి రెట్టింపు వేగం అందుకుంటాయి, పాజిటివ్ ప్లేటు లోపలి జాలీ తుప్పు పట్టినట్టు కరుగుతూ పోతుంది, నీళ్లు ఆవిరవుతాయి. ఎండాకాలంలో సగం చచ్చిన బ్యాటరీ చలికాలంలో దొరికిపోతుంది, అంతే తేడా. చలిలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాలి, అదే సమయంలో బ్యాటరీ ఇచ్చేది తగ్గుతుంది.

వేడి తర్వాత పెద్ద శత్రువు వాడకపోవడం. కారు లాక్ చేసి పెట్టినా అలారం, కీ కోసం కాచుకుని ఉండే రిసీవర్, కంప్యూటర్లు కలిపి కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే అంటారు. లెక్క వేయండి: రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, నెలకి 36. మీ బ్యాటరీయే 45 అయితే ఇక మిగిలేదేముంది? డ్యాష్‌క్యామ్‌ని పార్కింగ్ మోడ్‌లో పెట్టి ఊరెళ్లేవాళ్లకి నెల కూడా అక్కర్లేదు. అలా ఖాళీ అయిపోయి పడి ఉన్నప్పుడు ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత బలం తిరిగి రాదు. జంప్ స్టార్ట్ చేసి అరగంట తిప్పితే నిండిపోతుందన్నది కూడా భ్రమే. పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీకి ఛార్జర్ పెట్టి కొన్ని గంటలు ఉంచాలి. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పని ఉన్న ఛార్జిని నిలబెట్టడం, చచ్చినదాన్ని లేపడం కాదు.

కొత్తది కొనే ముందు నిజంగా బ్యాటరీయేనా అన్నది తేల్చుకోండి. ఓల్టేజీ కొలిచే మల్టీమీటర్, చవకలో దొరికేది ఒకటి చాలు. రాత్రంతా కారు నిలబెట్టాక పొద్దున్నే, డోర్లు తీసి లైట్లు వెలిగించకముందే చూడాలి. 12.6 ఓల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కి కింద అంటే దాదాపు ఖాళీ. నా పాతది 12.3 చూపించింది, చూడ్డానికి ఫరవాలేదనిపించే అంకె. మీటర్ ముళ్లు టెర్మినల్స్ మీద అలాగే పట్టుకుని పక్కవాళ్లని సెల్ఫ్ కొట్టమంటే అసలు కథ బయటపడింది, అంకె ధడేలున ఎనిమిదిన్నరకి పడిపోయి అక్కడే ఊగిసలాడింది. మామూలు వాతావరణంలో 9.6 కంటే కిందికి పోతే అనుమానించాల్సిందే. ఖాళీగా ఉన్న ఓల్టేజీ ఛార్జి ఎంతుందో చెబుతుంది, బలం ఎంతుందో చెప్పదు. ఆ తర్వాత ఇంజన్ నడుస్తుండగా కూడా చూడండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. కొత్త మోడళ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి కంగారు పడొద్దు, లైట్లు, ఫ్యాన్ వేసి ఇంకోసారి చూడండి. నడుస్తున్నప్పుడు కూడా పన్నెండు దగ్గరే ఉండిపోతుంటే జబ్బు ఆల్టర్నేటర్‌ది, కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది.

బ్యాటరీ మీద ఉండే ఆ చిన్న గాజు కన్ను ఆకుపచ్చగా ఉంది కదా అని ధీమా పడొద్దు. లోపల ఆరు సెల్స్ ఉంటే అది చూసేది ఒక్కదాన్నే. మిగతా ఐదింటిలో ఏది పోయినా ఆ కన్నుకి కనిపించదు.

ఇక ఎంపిక సంగతి. నేను బుక్ చేయగానే ఫోన్ చేసిన అమ్మాయి మొదటి మాటే, "సార్, మీకు ఇంకాస్త పెద్ద ఆంపియర్లది ఇమ్మంటారా, ఎక్కువ కాలం వస్తుందండీ" అని. పెద్దది వేస్తే కారు పాడవుతుందన్నది ఎంత తప్పో, పెద్దది వేస్తే ఎక్కువ ఏళ్లు వస్తుందన్నదీ అంతే తప్పు. ట్రేలో సరిగ్గా కూర్చుని, బిగింపు క్లాంప్ పట్టి, బానెట్ వేశాక టెర్మినల్స్ పైన ఖాళీ ఉంటే కాస్త ఎక్కువ కెపాసిటీ వేసుకోవచ్చు. కానీ రోజూ పది నిమిషాలు నడిపే కారు చిన్నదాన్నే నింపలేకపోతుంటే పెద్దదాన్నేం నింపుతుంది? ఓనర్ మాన్యువల్‌లో ఏ రకం, ఎంత అని రాసి ఉంటుంది, ముందు అది చూడండి.

ఆపైన పాత బ్యాటరీ మీద ఉన్న కోడ్ అక్షరం అక్షరం చూసుకోండి. జపాన్ పద్ధతిలో 55బీ24ఎల్ఎస్ లాంటివి ఉంటాయి, అందులో 24 అంటే పొడవు సుమారు సెంటీమీటర్లలో, మధ్యలోని అక్షరం వెడల్పు, ఎత్తుల తరగతి, చివర్లో ఎల్ అనో ఆర్ అనో ఉన్నది టెర్మినల్స్ ఏ వైపు ఉన్నాయనేది. యూరప్ సైజులు వేరే, వాటిని డిన్ అంటారు, అవి ఎత్తు తక్కువగా, టెర్మినల్స్ గుంటలో దిగి ఉంటాయి. ఎల్‌కి బదులు ఆర్ తెస్తే కేబుల్ అందదు. అందేదాకా లాగి బిగించే మహానుభావులూ ఉన్నారు, వాళ్లకి మీ కారు ఇవ్వకండి.

రకాల విషయంలో ఒక్క సూత్రం: పైకి వెళ్లొచ్చు, కిందికి దిగకూడదు. మామూలుది ఉన్న కారుకి ఈఎఫ్‌బీ వేసుకోవచ్చు, ఈఎఫ్‌బీతో వచ్చిన కారుకి మామూలుది వేస్తే స్టార్ట్-స్టాప్ దెబ్బకి త్వరగా పోతుంది. ఏజీఎంతో వచ్చిన కారుకి ఏజీఎమ్మే వేయాలి. ఈఎఫ్‌బీ కూడా యాసిడ్ నిండి ఉండే బ్యాటరీయే గానీ ప్లేట్ల మీద సన్నటి పాలిస్టర్ పొర ఉండి పదార్థం రాలిపోకుండా పట్టి ఉంచుతుంది, సగం ఛార్జిలో మాటిమాటికీ ఖాళీ అవుతూ నిండుతూ ఉన్నా తట్టుకుంటుంది. ఏజీఎంలో యాసిడ్ అంతా గాజు నార పొరల్లో పీల్చుకుని ఉంటుంది, ఇంకా గట్టిది, కానీ అతి ఛార్జింగ్‌ని, వేడిని ఓర్చుకోలేదు. కొన్ని కార్లలో దాన్ని ఇంజన్‌కి దూరంగా డిక్కీలోనో సీటు కిందో పెట్టడానికి అదీ ఒక కారణం. నా కారులో బ్యాటరీ ఇంజన్ పక్కనే ఉడుకుతూ ఉంటుంది, అందుకే ఏజీఎం దాకా వెళ్లలేదు.

సీసీఏ అంకె గురించి అమ్మేవాళ్లు తెగ చెబుతారు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఎంత కరెంటు ఇవ్వగలదన్న కొలత అది. మంచు పడే చోట ఉండేవాళ్లకి ప్రాణం లాంటిది, ఎండల్లో తిరిగేవాళ్లకి కంపెనీ చెప్పినంత ఉంటే చాలు. పైగా అమెరికా ప్రమాణంలో 30 సెకన్లు పరీక్షిస్తారు, యూరప్ ప్రమాణంలో పది సెకన్ల దగ్గర చూసే ఓల్టేజీ వేరు, కాబట్టి పక్కన ఏ ప్రమాణమో చూడకుండా రెండు బ్రాండ్ల అంకెలు పోల్చడం అనవసరం.

వీటన్నిటికంటే నేను ముందు చూసేది తయారీ తేదీ. బ్యాటరీ షెల్ఫ్ మీద ఊరికే కూర్చున్నా వయసు అవుతుంది. నాకు మొదట తెచ్చిన దాని మీద చెక్కిన కోడ్ ప్రకారం అప్పటికే ఎనిమిది నెలలు దాటింది, పైన దుమ్ము తుడిచిన గుడ్డ గీతలు కూడా ఉన్నాయి. మీటర్ పెడితే 12.35. "కొత్తదే కదండీ, సీల్ కూడా తీయలేదు" అన్నాడు కుర్రాడు. "తమ్ముడూ, సీల్ బయట ఉంటుంది, ఛార్జి లోపల ఉంటుంది, ఇంకోటి తీసుకురా" అన్నాను. పాపం విసుక్కోకుండా వెళ్లి, సాయంత్రానికి రెండు నెలల నాటిది తెచ్చాడు, అది 12.7 చూపించింది. సర్వీసుకి మార్కులు తగ్గించింది అందుకే, అడగని వాళ్లకి ఆ మొదటిదే బిగించేసేవాళ్లు. మూడు నెలల లోపుది అడగండి, ఆరు దాటితే తీసుకోవద్దు. గొప్ప బ్రాండుది మూల పడి ఉన్నదానికంటే, అమ్మకాలు బాగా జరిగే షాపులో మామూలు బ్రాండుది తాజాగా దొరికితే నేను అదే తీసుకుంటాను.

బిగించే పని మాత్రం ఆ కుర్రాడు శుభ్రంగా చేశాడు. ముందు నెగెటివ్ విప్పి పక్కకి వంచి గుడ్డ చుట్టాడు, తర్వాత పాజిటివ్. ఈ వరస ఊరికే పెట్టింది కాదు, నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులు లేస్తాయి. బిగించేటప్పుడు దీనికి రివర్సు, నెగెటివ్ ఆఖరున. కేబుల్ కొనల్లో పేరుకున్న తెల్లటి పొడిని సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, బ్రష్‌తో రుద్ది, సీసం మెరిసేదాకా వదల్లేదు. అయితే అడుగు క్లాంప్ బోల్టు చేత్తో తిప్పి వదిలేయబోతే పాన పెట్టి బిగించమని నేనే చెప్పాల్సి వచ్చింది. బ్యాటరీ కదులుతూ ఉంటే ఆ కుదుపులకి లోపల ప్లేట్లు దెబ్బతింటాయి. ఇంకో మాట, నెగెటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉన్న కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశామని స్కానర్‌తో కంప్యూటర్‌కి చెప్పాలి, లేకపోతే పాతదనుకునే ఛార్జి చేస్తుంది. ఆ స్కానర్ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.

ఏడాది తర్వాత సంగతి: ఆ పొద్దుటి అంకె 12.6కి తగ్గలేదు, సెల్ఫ్ కొట్టినప్పుడు పదిన్నర దగ్గర ఆగుతోంది, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగడం మళ్లీ మొదలైంది. ఐదేళ్లు వస్తుందా అంటే ఇప్పుడే చెప్పలేను, ఎండలో నిలబడే కారు కాబట్టి నాలుగొస్తే నాకు చాలు. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, పైన మూత పూర్తిగా మూసేశారు, నీళ్ల మట్టం చూసుకునే దారే లేదు. పాతకాలపు మనిషిని, నాకది నచ్చదు.

వారంటీ కార్డు చదివే అలవాటు లేనివాళ్లు ఈ ఒక్కసారి చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న నెలలన్నీ ఉచితంగా మార్చేవి కావు, చాలా కంపెనీలవి మొదటి భాగం ఉచితం, రెండో భాగం వాడిన కాలాన్ని బట్టి కొంత తగ్గింపు మాత్రమే. ఆ రెండో భాగాన్ని నేను లెక్కలోకే తీసుకోను. పైగా బ్యాటరీ డిశ్చార్జి అయి ఉందంతే, ఛార్జి చేస్తే సరి అని తిరిగి పంపేస్తారు కూడా, అది వాళ్ల తప్పు కాదు, చాలాసార్లు నిజమే. బ్యాటరీ మీది సీరియల్ నంబర్, బిల్లు మీదిది ఒకటేనా అని కుర్రాడు వెళ్లకముందే చూసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. పాత బ్యాటరీ ఇంట్లో ఉంచుకుని చేసేదేమీ లేదు, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి, వాళ్లకే ఇచ్చేయండి. దానికి తగ్గించిన మొత్తం బిల్లులో విడిగా వేశారో లేదో మాత్రం చూడండి, నా బిల్లులో అడిగాకే వేశారు.