కొడుకు కట్టుకున్న కొత్త ఇంట్లో: గౌరీ గిల్ ఫొటో పుస్తకం

చండీగఢ్‌లో పుట్టిన ఛాయాచిత్రకారిణి గౌరీ గిల్, 2000 నుంచి 2007 వరకు అమెరికాలోని భారతీయ కుటుంబాల మధ్య తిరిగి తీసిన చిత్రాలను 2008లో ‘ది అమెరికన్స్’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. స్విట్జర్లాండ్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఛాయాచిత్రకారుడు రాబర్ట్ ఫ్రాంక్ 1950లలో ఇదే పేరుతో వెలువరించిన నలుపు తెలుపుల ఫొటో పుస్తకాన్ని తలపించే ఆ శీర్షికలోనే, అమెరికన్ అని ఎవరిని పిలవాలన్న ప్రశ్న దాగి ఉంది.

నాష్‌విల్‌లో ఒక మోటెల్ యజమాని కొత్త ఇంట్లో ఆయన తల్లిదండ్రులను చూపే 2004 నాటి చిత్రం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇల్లు కన్నకొడుకుదే అయినా, అందులో తాము ఇంటివాళ్లమో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లమో ఆ పెద్దలు ఇంకా తేల్చుకోలేదేమోనని అనిపించింది. అది బిడ్డలను దూరదేశం పంపిన మనలాంటివారి ఊహ మాత్రమే కావచ్చు. గిల్ వారి సంపాదనను ఎగతాళి చేయరు, వారి ఒంటరితనం మీద జాలి కురిపించరు. రంగుల్లో తీయడం వల్ల గోడలకూ బట్టలకూ కూడా కథలో భాగం దక్కింది.

చిత్రాల శీర్షికలు చాలావరకు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నంతవరకే చెబుతాయి కాబట్టి, వెనుక కథలు కోరేవారికి కొంత వెలితిగా ఉంటుంది. నాకైతే ఆ మౌనమే నచ్చింది.