సొంగ్‌నామ్‌లో ఐదు రాత్రులు: మూడు గుట్ట మీద, రెండు బుందాంగ్‌లో

సియోల్‌కు ఆగ్నేయంగా, దాన్ని ఆనుకునే ఉంటుంది సొంగ్‌నామ్. జనాభా తొమ్మిది లక్షల పైమాటే. సియోల్ చూడటానికి వెళ్ళి ఇక్కడ బస చేశామంటే చాలామంది ఎందుకని అడిగారు. ఈ ఊరు పుట్టిన తీరు చదివాక నాకు చూడాలనిపించింది, అంతే.

మొదటి మూడు రాత్రులు మొరాన్ స్టేషన్‌కు ఎగువన పాత ఊళ్ళో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. లిఫ్ట్ ఉందని చెప్పారు, తీరా వెళ్తే లేదు. నిటారు సందులో పెట్టెలు లాక్కుంటూ వెళ్ళి, మళ్ళీ మూడంతస్తులు మోశాం. గది మాత్రం శుభ్రంగా ఉంది, నేల వెచ్చగా ఉంది. కిటికీలోంచి చేయి చాపితే పక్కింటి గోడ తగిలేలా ఉంది.

ఇళ్ళు అంత ఇరుగ్గా ఉండటానికి కారణం ఉంది. 1960ల చివర్లో సియోల్ నగరపాలన తన గుడిసెవాసులను ఖాళీ చేయించి, పొరుగున ఉన్న గ్వాంగ్జు జిల్లా కొండలకు తరలించింది. (1980 ప్రజాస్వామ్య ఉద్యమం జరిగిన గ్వాంగ్జు నగరం దేశానికి దక్షిణాన ఉంది, అది వేరు.) కుటుంబానికి 20 ప్యోంగ్‌లు, అంటే మన లెక్కలో సుమారు 79 గజాలు. కొండను చదును చేయకుండానే గళ్ళు గీసి పంచారు. నీళ్ళు లేవు, మురుగు కాలవల్లేవు, పనులు లేవు. పైగా స్థలాల ధర ఒక్కసారిగా పెంచి ఆ డబ్బు కట్టమన్నారు. 1971 ఆగస్టు 10న సియోల్ మేయర్ వస్తారని జనం ఎదురుచూశారు. ఆయన చెప్పిన వేళకు రాలేదు. ఆగ్రహంతో అక్కడి ప్రభుత్వ ఆఫీసు మీద పడ్డారు, వాహనాలు తగలబెట్టారు. ఆ రోజే సియోల్ దిగివచ్చి వాళ్ళ డిమాండ్లకు ఒప్పుకుంది. 1973 జులై 1న ఈ ప్రాంతం జిల్లా నుంచి విడిపోయి సొంగ్‌నామ్ నగరమైంది. ఆ సందుల్లో మెట్లెక్కుతున్నంతసేపూ నాకు ఆ మనుషులే గుర్తొచ్చారు.

మొరాన్ సంత తేదీ చివర 4 గానీ 9 గానీ ఉన్న రోజుల్లోనే జరుగుతుంది. మీ తేదీలు దానికి తగ్గట్టు పెట్టుకోండి. అప్పటికప్పుడు ఆడించే నువ్వుల నూనె వాసన వీధంతా పట్టి, మా ఊరి గానుగ దగ్గర నిలబడ్డట్టు అనిపించింది. మేం శాకాహారులం. గుమ్మడికాయ జావ, హొత్తొక్ అనే తీపి రొట్టెలతో కడుపు నిండింది.

నామ్హాన్‌సాన్‌సొంగ్ కోటకు సాన్‌సొంగ్ స్టేషన్ నుంచి బస్సుంది. 2014లో యునెస్కో జాబితాలో చేరింది. సొంగ్‌నామ్ అంటే కోటకు దక్షిణం అనే అర్థం, ఆ కోట ఇదే. పడమటి ద్వారం దగ్గర సాయంత్రం దాకా ఉండండి, కింద సియోల్ దీపాలు వెలుగుతాయి.

తర్వాత బుందాంగ్. మొరాన్ నుంచి అక్కడి సొహ్యోన్ మూడో స్టేషనే, కానీ దిగగానే దేశం మారినట్టుంది. సియోల్‌లో ఇళ్ళ ధరలు మండిపోతుంటే 1989లో ప్రభుత్వం ప్రకటించిన ఐదు కొత్త పట్టణాల్లో ఇదొకటి. 1991లోనే జనం దిగారు, అదే ఏడాది బుందాంగ్ విడిగా 'గు', అంటే నగరంలో ఒక పాలనా విభాగం, అయింది. పాత ఊరు సుజొంగ్, జుంగ్‌వొన్ అనే మరో రెండు గులు. ముగ్గురు గు అధికారులూ నియమితులే, ఎన్నికయ్యేది నగర మేయరే. అయినా ఇక్కడివాళ్ళలో చాలామంది సొంగ్‌నామ్ అనరు, బుందాంగ్ అనే చెప్పుకుంటారు. పాత ఊరి మెట్లెక్కి వచ్చినందుకేమో, అది నాకు కాస్త బాధగా అనిపించింది.

హోటల్ గది పెద్దది, లిఫ్ట్ ఉంది, అద్దె గెస్ట్‌హౌస్‌కు రెండింతలకు పైనే. తాన్‌చొన్ వాగు పక్కన నడక, సెంట్రల్ పార్కు చెరువు హాయిగా ఉన్నాయి. పాంగ్యో టెక్నో వ్యాలీలోని ఐటీ ఆఫీసుల కోసం ప్రత్యేకంగా వెళ్ళనక్కర్లేదు. షిన్‌బుందాంగ్ మెట్రో లైన్ సియోల్‌లోని గంగ్నమ్‌కు చాలా వేగం, అయితే మామూలు టికెట్ మీద అదనపు ఛార్జీ పడుతుంది.

బస్సులకూ మెట్రోకూ పనికొచ్చే టీ-మనీ కార్డు తీసుకోండి, బస్సు దిగేటప్పుడు కూడా తాకించాలి, లేకపోతే ఒకదాన్నుంచి మరోదానికి మారేటప్పుడు వచ్చే రాయితీ పోతుంది. దారికి నేవర్ మ్యాప్ అనే కొరియా యాప్ పెట్టుకోండి. పెద్దవాళ్ళతో వెళ్తే బుందాంగ్‌లోనే గది తీసుకుని, ఒక సంత రోజు పొద్దున్నే మొరాన్‌కు రండి. మోకాళ్ళు సహకరిస్తే మాత్రం గుట్ట మీదే ఉండండి.