ఆరంగుళాల సైఫై బొమ్మలు: ఆరేడు వేసవులు అరలో నిలబెట్టాక

సైన్స్ ఫిక్షన్ యాక్షన్ ఫిగర్ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు పెట్టె విప్పిన రోజున రాసినవే. ఆ రోజు ప్రతి బొమ్మా చక్కగానే నిలబడుతుంది. ఇది ఏసీ లేని గదిలో, గాజు తలుపుల బీరువాలో ఆరేడు వేసవులు చూసిన బొమ్మల సంగతి.

1978లో అమెరికా బొమ్మల కంపెనీ కెన్నర్ స్టార్ వార్స్ సినిమా బొమ్మలు తెచ్చినప్పుడు ఎత్తు మూడుముప్పావు అంగుళాలు. కదిలే చోట్లు ఐదే: మెడ, రెండు భుజాలు, రెండు తుంట్లు. 2013లో హాస్‌బ్రో కంపెనీ స్టార్ వార్స్ బొమ్మల వరస బ్లాక్ సిరీస్ ఆరంగుళాల కొలతలో, అంటే అసలు మనిషిలో సుమారు పన్నెండో వంతు (1:12)లో మొదలైంది. ఈ కొలత బొమ్మల్లో మోచేతులు, మోకాళ్లు, మణికట్లు, చీలమండలు అన్నీ తిరుగుతాయి. పాడవడానికీ అన్ని చోట్లున్నాయన్నమాట.

కంపెనీ ఏదైనా ముందు చూడాల్సింది చీలమండ. బొమ్మ బరువంతా చిటికెన వేలి గోరంత కూడా లేని పెగ్గుల (కీలును పట్టి ఉంచే మేకుల్లాంటి ముక్కల) మీద పడుతుంది. కాళ్లు మెత్తటి పీవీసీతో పోసినవైతే ఆ బరువు కింద ప్లాస్టిక్ నెమ్మదిగా సాగుతుంది. దీన్నే క్రీప్ అంటారు. వేడి తగిలితే ఇంకా తొందరగా సాగుతుంది. మే నెల విజయవాడ ఎండకు మూసిన బీరువా లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పక్కనుంచి చూస్తే బొమ్మ కాస్త ముందుకు ఒరిగినట్టు కనిపించడం మొదటి గుర్తు. అప్పుడే సరిచేయకపోతే ఓ రాత్రి దబ్బున పడి, ముందున్న నలుగురినీ పడేస్తుంది. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, నడుము సరిగ్గా రెండు పాదాల మధ్యకు వచ్చేలా నిలబెట్టాలి. అరికాలి రంధ్రంలో దిగే పెగ్గున్న స్టాండు తప్పనిసరి. రెక్కలో, జెట్ ప్యాకో మోసేవాటికి అది చాలదు, నడుమును పట్టుకునే క్లిప్పు స్టాండు కావాలి.

కీలు బిగుసుకుపోయిందా, బలవంతంగా తిప్పకండి. ఫ్యాక్టరీలో పూసిన రంగు కీలు సందులోకి దిగి జిగురులా పట్టేస్తుంది. చల్లగా ఉండగా తిప్పితే రంగు ఊడదు, లోపలి పెగ్గే మెలితిరిగి తెగుతుంది. 70–80 డిగ్రీల నీళ్లలో ఆ ఒక్క అవయవాన్ని నిమిషం ముంచి, కీలుకు రెండు పక్కలా దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. రాకపోతే మళ్లీ ముంచాలి. వంగిన కత్తికీ, తుపాకీ గొట్టానికీ ఇదే మందు, కాకపోతే నిటారుగా చేసిన వెంటనే ఐసు నీళ్లలో పెట్టాలి, లేదంటే మళ్లీ పాత వంపుకే పోతుంది. గుడ్డ దుస్తులున్న బొమ్మకు నీళ్లు వద్దు, హెయిర్ డ్రయ్యర్ చాలు.

వదులైన కీలుకు, గుంటలో కూర్చునే గుండ్రటి భాగం మీద పల్చగా తెల్ల ఫెవికాల్ పూత వేసి, ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు బిగించాలి. సూపర్ గ్లూ వేయమనేవాళ్లున్నారు. చెయ్యి తిరిగినవాళ్లకు సరే, మిగతావాళ్లకు కీలు శాశ్వతంగా అతుక్కుపోతుంది.

ఏళ్లు గడిచాక ఒంటిమీద జిడ్డు తేలితే అది దుమ్ము కాదు. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ పైకి వస్తోంది. గాలి ఆడని పెట్టెలో ఇది ఎక్కువ. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలాయో, జిడ్డుతో పాటు ముఖమూ పోతుంది. తెల్ల కవచాల పసుపు వేరే జబ్బు, దానికి కారణం ఎండ, వేడి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచవచ్చు గానీ పక్కన వేసిన రంగులు వెలుస్తాయి, కొన్నేళ్లకు పసుపు తిరిగొస్తుంది. కిటికీకి ఎదురుగా అర పెట్టకపోవడమే నయం.

ముఖాల విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. చేత్తో, స్టెన్సిల్‌తో రంగులేసిన పాత కళ్లు ఒకటి తూర్పు, ఒకటి పడమర చూసేవి. ఇప్పుడు ముఖాన్ని నేరుగా ప్రింట్ చేస్తున్నారు. మూరెడు దూరం నుంచి మనిషే. దగ్గరగా భూతద్దం పెడితే పాత వారపత్రిక ముఖచిత్రంలా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఫొటోలు తీసేవాళ్లు గుర్తుంచుకోవాలి. దుకాణంలో కొనేటప్పుడు పెట్టెకున్న కిటికీలోంచి కళ్ల వరసతో పాటు కుడి ఎడమలు చూడండి. రెండూ ఎడమ చేతులే వచ్చిన బొమ్మలు కల్పితం కాదు.

ధర దగ్గర మనవాళ్ల కష్టం వేరు. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. దాంతో సగం ధరకు దొరికే నకళ్ల మీద చూపు పోవడం సహజమే. నకలును పట్టుకోవడానికి పెట్టె కన్నా కొలత నమ్మదగినది. అసలు బొమ్మనే అచ్చు తీసి పోస్తే, చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుని ఆరంగుళాలకు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గవచ్చు. ముక్కు కొస, వేళ్ల మధ్య గీతలు మొద్దుబారతాయి, ఘాటైన వాసనా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే పక్కన స్టీలు స్కేలు నిలబెట్టి ఫొటో అడగండి. వీపు వైపుది ఒకటి, చీలమండ దగ్గరనుంచి ఒకటి. రెండోది పంపడానికి నసిగితే కాలు ఇప్పటికే ఒరిగి ఉండొచ్చు, డబ్బు ముందు వేయకండి.