వడ్డీ లేని వాయిదాలపై కొన్న ఏసీ: మూడవ ఓటీపీ ఖరీదు

రోహిణి కార్తె రాకముందే రోళ్ళు పగిలేలా ఎండలు కాసిన ఈ వేసవిలో, విజయవాడ బందరు రోడ్డులోని ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఒకటిన్నర టన్నుల ఏసీ కొన్నాము. యంత్రం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. మరునాడే వచ్చి బిగించారు. అదనపు రాగి గొట్టానికి అడుగుకు ఎంతవుతుందో ముందే చెప్పి అంతే తీసుకున్నారు. నేను రాయదలచినది ఆ దుకాణంలో ఒక మూలనున్న ఫైనాన్స్ బల్ల గురించి.

ఏసీ ధర 42,000 రూపాయలనీ, వడ్డీ లేకుండా నెలకు 3,500 చొప్పున 12 వాయిదాల్లో కట్టవచ్చుననీ చెప్పారు. సంతకం అన్న మాటే రాలేదు. అయిదు నిమిషాల్లో ఫోన్‌కు మూడు ఓటీపీలు వచ్చాయి: మొదటిది రుణానికి, రెండవది ఖాతా నుంచి వాయిదా కోతకు. మూడవది దేనికని అడిగితే, ఆ బల్ల దగ్గరి కుర్రాడు తలెత్తకుండానే "ప్రాసెస్ కోసమే సార్" అన్నాడు. నేనూ చెప్పేశాను.

మొదటి నెల 3,700 కోత పడింది. ఆ 200 ఎక్కడిదని ఆరా తీస్తే, 2,400 రూపాయల అదనపు వారంటీని రుణంలోనే కలిపారనీ, మూడవ ఓటీపీయే దానికి నా సమ్మతి అనీ తేలింది. ఇంగ్లీషులో ఉన్న 14 పేజీల ఒప్పందం లింకుగా వచ్చి ఫోన్‌లోనే పడి ఉంది. ఆ వారంటీ రెండవ సంవత్సరం నుంచి మొదలవుతుంది; వేసవిలో ఎక్కువగా అవసరపడే గ్యాస్ నింపడం అందులో లేదు; కంప్రెసర్‌కు తయారీదారే పదేళ్ళ హామీ ఇచ్చాడు. వద్దనుకుంటే ఏడు రోజుల్లో చెప్పాలట. మొదటి వాయిదా పడేదేమో మరుసటి నెల 5వ తేదీన. డబ్బు కోత పడితే తప్ప తెలియని విషయానికి, కోత పడకముందే ముగిసే గడువు పెట్టిన నేర్పును మెచ్చుకోవలసిందే.

రొక్కానికైతే అదే ఏసీని 39,500కు ఇస్తారని తరువాత తెలిసింది. ఆ తేడా 2,500, వారంటీ 2,400, ప్రాసెసింగ్ రుసుము జీఎస్టీతో 1,180, ఈఎంఐ కార్డు రుసుము 590: మొత్తం 6,670. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. అయినా దుకాణాల ముందు ఆ బోర్డులు వేలాడుతూనే ఉన్నాయి.

నాకు అక్కరకు వచ్చింది రిజర్వు బ్యాంకుదే మరొక నిబంధన. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలన్నిటికీ, రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో, ఖర్చులన్నీ కలిపి రుణం ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూపే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అందులో లేని రుసుమును స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయరాదు. నా పత్రంలో వారంటీ ఊసే లేదు. ఆ సంగతే రాసి, 30 రోజుల్లో తేల్చకుంటే రుణ సంస్థలపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిస్తానని రుణ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపాను. పదకొండవ రోజున వారంటీ రద్దయింది. మిగిలిన రుసుముల ప్రస్తావన మాత్రం జవాబులో లేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందానికి నిర్వచనమే ఉంది. అయితే ఆ పేరుతో వేసే ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషన్ తీసుకోదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్ళాలి. మిగిలిన ఆ రెండు రుసుముల 1,770 రూపాయల కోసం అంత దూరం ఎవరు వెళతారన్నది ఆ ఒప్పందం రాసినవారికి బాగా తెలుసు. సేవాలోపం కింద జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, 5 లక్షల వరకు ఫిర్యాదు రుసుము కూడా ఉండదు. కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

ఏసీకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. అక్కడ కొనేవారు రొక్కం ధరను ముందు కాగితం మీద రాయించుకుని, ఆ తరువాతే ఫైనాన్స్ బల్ల దగ్గర కూర్చోండి.