ద్వారకానగర్ ప్రెజెంటేషన్ క్లాస్: శనివారం దండగ, ఆదివారం బంగారం

పరవాడలో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో చేస్తాను. జూన్ ఆఖర్లో హైదరాబాద్‌లో ఒక కాన్ఫరెన్స్‌లో 12 నిమిషాలు మాట్లాడాలి, స్టేజ్ అంటేనే నాకు కాళ్ళు వణుకు, అందుకని రెండ్రోజుల క్లాస్ అని చూసి 3000 కట్టేశా. సెంటర్ పేరు రాయట్లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. తొమ్మిదిన్నరకి రమ్మన్నారు, కూర్మన్నపాలెంలో బస్సెక్కి తొమ్మిదింపావుకే వచ్చి కూర్చున్నా, సార్ పదిన్నరకి వచ్చి మొదలుపెట్టిన టాపిక్ ఏంటంటే టైమ్ మేనేజ్‌మెంట్! ఏసీ ఉంది గానీ చల్లదనం లేదు, మే నెలలో వైజాగ్ ఉక్క సంగతి తెలుసు కదా. రోజంతా చేతులు ఇలా పెట్టండి, కళ్ళలోకి చూడండి... ఇవన్నీ యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి.

ఆదివారం మాత్రం వేరే లెవెల్. నా స్లైడ్ తెర మీద వేయించారు. ఆరు టాబ్లెట్లు, ఏడు టైమ్ పాయింట్లు, డిసొల్యూషన్ టేబుల్ (టాబ్లెట్ ఎంతసేపట్లో ఎంత కరిగిందో చూపే లెక్క) మొత్తం ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించేశా, కష్టపడి తీసిన డేటా కదా, ఒక్క అంకె వదలబుద్ధి కాలేదు. వెనక వరసలో ఒక మేడంని చదవమన్నారు. ఆవిడ కళ్ళు చికిలించి “చీమల బారులా ఉంది సార్” అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వా గానీ లోపల చచ్చిపోయా.

“ఇదంతా చూపించి నువ్వు చెప్పాలనుకున్న ముక్క ఏంటమ్మా?”

“15 నిమిషాల్లో 85 శాతం కరిగిపోయింది సార్.”

“మరి అది ఎక్కడా రాయలేదేం?”

నిజమే, పైన హెడ్డింగ్ ‘రిజల్ట్స్’ అని ఉందంతే. అప్పటికప్పుడు టేబుల్ తీసేసి ఒక గ్రాఫ్ పెట్టించి, పైన ఆ వాక్యమే హెడ్డింగ్ చేయించారు, టేబుల్ని ఆఖరి స్లైడ్ తర్వాత దాచుకోమన్నారు, ఎవరైనా అడిగితే తీసి చూపించొచ్చని. ఇంకోటి, స్లైడ్ షో నడుస్తుండగా బి కీ నొక్కితే తెర నల్లబడుతుంది, జనం మన మొహం చూస్తారు. పదేళ్ళుగా పవర్‌పాయింట్ వాడుతున్నా ఈ సంగతి తెలీదు నాకు!

22 మందిలో స్టేజ్ ఎక్కింది తొమ్మిది మందే, నాకు దక్కింది నాలుగు నిమిషాలు. వీడియో తీశారు, పంపిస్తామన్నారు, మూడు వారాలైంది, వాట్సాప్‌లో బ్లూ టిక్ పడుతోంది గానీ ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఐదుకి మూడు స్టార్లు. చేరేవాళ్ళు ఆదివారం ఒక్కరోజుకే ఫీజు తీసుకుంటారేమో బేరమాడి చూడండి. బ్రేక్‌లో పెట్టిన పునుగులు మాత్రం వేడివేడిగా ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు.