లెట్, సపోజ్, అజ్యూమ్: ప్రూఫ్‌లో ఏది మేలు?

తెలుగు మీడియంలో లెక్కలు నేర్చుకున్నవాళ్లకి ఒక్క మాట సరిపోయేది: అనుకుందాం. రూట్ 2 కరణీయ సంఖ్య (ఇర్రేషనల్) అని నిరూపించేటప్పుడు "రూట్ 2 అకరణీయ సంఖ్య (రేషనల్) అనుకుందాం" అని మొదలుపెడతాం. మరుసటి లైన్‌లోనే "అది పి బై క్యూ అనుకుందాం" అంటాం. మాట ఒకటే, పని వేరు. మొదటిది చివర్లో కొట్టేయడానికే అనుకున్నది. రెండోది పేరు పెట్టడం, అంతే. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం ఈ తేడా పైకి కనిపించాలి.

పేరు పెట్టడానికి లెట్. అక్కడ నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే రాదు. దాని వెనక 'బీ' రావాలి: "లెట్ ఎన్ బీ ఈవెన్". మన పిల్లలు చాలామంది "లెట్ ఎన్ ఈజ్" అని రాసేస్తారు. సపోజ్, అజ్యూమ్ అయితే 'ఈజ్' సరైనదే.

సపోజ్, అజ్యూమ్ మాటల్ని ఒకదాని బదులు ఇంకొకటి వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, దాన్ని తప్పనలేం. నేనైతే కొట్టేయబోయేదానికి సపోజ్, చివరిదాకా నిలిచే షరతుకి అజ్యూమ్ వాడతాను. గణితవేత్త రీమాన్ 1859లో చెప్పిన హైపోథిసిస్‌కి, అంటే నిజమని ఊహించి చెప్పిన మాటకి, ఇప్పటికీ నిరూపణ లేదు. అది నిజమైతే ఏమేం వస్తాయో చూపించేచోట అజ్యూమ్ చక్కగా అతుకుతుంది. కానీ జాగ్రత్త: సిద్ధాంతంలో లేని షరతుని, ఉదాహరణకి ప్రమేయం (ఫంక్షన్) అవిచ్ఛిన్నం (కంటిన్యువస్) అని, మధ్యలో అజ్యూమ్ చేస్తే మీరు నిరూపించింది ఆ సిద్ధాంతాన్ని కాదు, అంతకంటే చిన్నదాన్ని.

ఒక్కోసారి మాటని బట్టి నిరూపణ నడకే మారిపోతుంది. ప్రధాన సంఖ్యలకి అంతు లేదన్నది చూడండి. చాలామంది "సపోజ్, ప్రధాన సంఖ్యలు ఇన్నే ఉన్నాయి" అని మొదలుపెట్టి వైరుధ్యం దాకా వెళ్తారు. యూక్లిడ్ అలా చేయలేదు. ఆయన దారి లెట్ దారి: ఏవో కొన్ని ప్రధాన సంఖ్యలు తీసుకో, వాటిని గుణించి 1 కలుపు, వచ్చినదాన్ని భాగించే ప్రధాన సంఖ్య నీ జాబితాలో ఉండదు. అయిపోయింది. వైరుధ్యంతో పనే లేదు.

సపోజ్ దారిలో వెళ్లిన విద్యార్థికి ఇంకో చిక్కు కూడా ఉంది. "గుణించి 1 కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యే" అన్న వాక్యం ఆ సపోజ్ కింద మాత్రమే చెల్లుతుంది. దాన్ని బయటికి తెచ్చి అసలు నిజంగా గుర్తుపెట్టుకుంటారు. 2, 3, 5, 7, 11, 13 గుణించి 1 కలపండి, 30031 వస్తుంది. అది 59 ఇంటు 509. అందుకే ఈ నిరూపణ చెప్పేటప్పుడు నేను లెట్ వైపే.