వర్డ్‌నెట్ రివ్యూ: కారుకి చక్రాలు లేవేంటి అనుకున్నా

నిఘంటువు అనుకుని తెరిస్తే నిరాశపడతారు. ఇందులో అర్థాలు ఉన్నాయి గానీ అవి ఒక్క ముక్కలో ఉంటాయి, అసలు సరుకు మాటల మధ్య చుట్టరికం. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు 1985లో మొదలుపెట్టిన ఇంగ్లీషు డేటాబేస్ ఇది, ఉచితంగా దింపుకోవచ్చు. 3.0 వెర్షన్‌లో 1,17,659 సిన్‌సెట్లు ఉన్నాయి. సిన్‌సెట్ అంటే ఒకే అర్థం ఇచ్చే మాటల గుంపు, లంకెలు ఎక్కువగా ఈ గుంపుల మధ్యే ఉంటాయి.

నాకు ఇది ఎక్కింది 'కార్' దగ్గర. భాగాలు చూపించమంటే బంపర్, హుడ్, ఎయిర్‌బ్యాగ్, అద్దం అన్నీ వచ్చాయి, చక్రం రాలేదు. ఇంత పెద్ద డేటాబేస్‌లో ఈ తప్పేంటని నవ్వుకున్నాను కూడా. తర్వాత పైకి వెళ్తే కార్ మోటారు వాహనంలో ఒక రకం, అది తనంతట తాను నడిచే వాహనంలో రకం, అది చక్రాల వాహనంలో రకం, చక్రం అక్కడ కూర్చుని ఉంది! అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పైన ఒక్కసారి రాసి వదిలేశారు, కింద ఉన్నవాటికి అది వారసత్వంగా వచ్చినట్టే. 'భాగం' అన్నది కూడా మూడు రకాలు: చెట్టుకి మాను ఒక ముక్క, లోపలి చేవ దాని పదార్థం, అడవికి ఆ చెట్టే ఒక సభ్యుడు. క్రియలకి వేరే లంకెలున్నాయి, గురక పెట్టాలంటే నిద్రపోవాలి కదా, అలాంటివి.

వ్యతిరేకపదాల దగ్గర మాత్రం గంటసేపు కొట్టుకున్నాను. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఎన్ఎల్‌టీకే అనే లైబ్రరీతో వాడుతూ సిన్‌సెట్‌నే వ్యతిరేకం అడిగితే ఎర్రర్, ఎందుకంటే ఈ లంకె గుంపుల మధ్య కాదు, విడి మాటల మధ్య. బిగ్, లార్జ్ రెండూ ఒకే గుంపు, అయినా బిగ్‌కి జోడీ లిటిల్, లార్జ్‌కి జోడీ స్మాల్. మనుషులు జంటలుగా గుర్తుపెట్టుకునేది అలాగే కాబట్టి ఆలోచిస్తే సబబే అనిపించింది.

చిరాకు పెట్టేవీ ఉన్నాయి. 'బ్యాంక్'కి నామం, క్రియ కలిపి 18 అర్థాలు, వాటిలో కొన్నిటికి తేడా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు, ప్రోగ్రాముకి ఏం పడుతుంది? ఇంకోటి, బాల్, రాకెట్, నెట్ మూడూ ఒకే ఆటవి అని ఈ 'రకాల' చెట్టు నుంచి తెలియదు, మూడూ మూడు కొమ్మల మీద దూరదూరంగా ఉంటాయి. దీన్నే టెన్నిస్ సమస్య అంటారు. తర్వాతి వెర్షన్లలో రంగం పేరుతో కొన్ని లంకెలు కలిపారు గానీ చాలవు. 'ఇది దేనిలో రకం, దేనిలో భాగం' అని అడిగే పనికైతే కళ్లుమూసుకుని తీసుకోండి, ఒక సందర్భంలో కలిసి వచ్చే మాటలు కావాలంటే మాత్రం వేరేది చూసుకోండి. నా వరకు నాలుగు స్టార్లు.